వస్త్ర సంస్థల వాగ్దానాలు – బొగ్గు బిడ్డల ప్రశ్నలు

కూడు, గుడ్డ, గూడు – ఈ మూడింటి కోసమే మానవుడు అనాదిగా శ్రమిస్తున్నాడని పెద్దలు చెబుతారు. వీటిలో కూటి ధర గురించీ, గూటి అద్దె గురించీ మనం నిత్యం మాట్లాడుకుంటాం. గుడ్డను మాత్రం రంగు చూసి, ధర చూసి కొనుక్కుని మరచిపోతాం. అది ఎక్కడ నేయబడింది, ఏ మంటమీద మరిగిన నీళ్ళలో రంగు పోసుకుంది అన్న ఆలోచన మనకు రాదు. ఆ ఆలోచన రావలసిన కాలం వచ్చిందని నా నమ్మకం. అందులోనూ బొగ్గునే అన్నంగా తిని పెరిగిన మనకు అది మరీ అవసరం.

ఊరి పేరులోనే ఖనిని దాచుకున్న గోదావరిఖనిలో పుట్టినవారికి గుడ్డకూ బొగ్గుకూ గల చుట్టరికాన్ని ఎవరూ నేర్పనక్కరలేదు. మా అబ్బాజాన్ బొగ్గు బాయిలో డ్యూటీ ముగించుకుని వచ్చిన తరువాత ఆ బట్టలను అమ్మీజాన్ వేరుగా నానబెట్టి, వేరే బండమీద ఉతికేది. మూడు నీళ్ళు మార్చినా నలుపు పూర్తిగా విడిచేది కాదు. బడికి వెళ్ళే మా తెల్లచొక్కాలను ఆ బకెట్టు దరిదాపులకు రానిచ్చేది కాదు. ఆ నల్లబట్టల సంపాదనతోనే మా తెల్లచొక్కాలు కొన్నారన్న సంగతి నాకు చాలాకాలానికి గాని బోధపడలేదు.

గత రంజాన్ పండుగకు లక్ష్మీనగర్ బజారులో ఒక చొక్కా కొన్నాను. దాని మెడపట్టీకి వేలాడుతున్న అట్టముక్కమీద, తమ సంస్థ కొన్నేళ్ళలో కర్బన ఉద్గారాలను సున్నాకు తీసుకువస్తుందని గర్వంగా ముద్రించి ఉంది. చదివి వినిపించాను. పదవీ విరమణ చేసి ఇంటిపట్టున ఉంటున్న అబ్బాజాన్ కాసేపు ఊరుకుని, “సున్నా చేసేది ఎవరిని బేటా?” అని అడిగారు. నా వద్ద జవాబు లేదు. ఆ జవాబును వెదకడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

ముందుగా విషయం తెలుసుకుందాం. కార్బన్ డై ఆక్సైడును మన పాత తెలుగు వాచకాలు “బొగ్గుపులుసు వాయువు” అనేవి. ఆ పేరులోనే దాని పుట్టుక ఉంది. బొగ్గులోని కర్బనం మండేటప్పుడు గాలిలోని ప్రాణవాయువుతో కలుస్తుంది. 12 పాళ్ళ కర్బనానికి 32 పాళ్ళ ప్రాణవాయువు చేరి 44 పాళ్ళ బొగ్గుపులుసు వాయువు అవుతుంది. అందుచేతనే కాలిన బొగ్గు కంటె వెలువడిన వాయువు బరువు ఎక్కువ. బూడిద పాలు ఎక్కువగా ఉండే మన బొగ్గు ఒక కిలో కాలితే సుమారు కిలోన్నర వాయువు వెలువడుతుంది. అది ఆకాశంలో దుప్పటివలె కమ్ముకుని భూమి వేడిని బయటకు పోనీయదు. ఏప్రిల్, మే మాసాలలో రామగుండం ఎండలను అనుభవించిన వారికి ఆ దుప్పటి మరింత మందమైతే ఏమగునో వర్ణించి చెప్పనవసరం లేదు.

మరి చొక్కాకూ ఈ వాయువుకూ సంబంధం ఏమిటి? పత్తి పండించడానికి ఎరువు కావాలి. నూలు వడకడానికి, మగ్గం ఆడడానికి విద్యుత్తు కావాలి. రంగు అద్దడానికి, ఉడకబెట్టడానికి, ఆరబెట్టడానికి ఆవిరి కావాలి. ఆ ఆవిరి పుట్టే బాయిలరు మన దేశంలో అనేకచోట్ల బొగ్గుతోనే మండుతుంది. ఇక పాలియెస్టరు అయితే పెట్రోలియం నుండే పుడుతుంది. అమెరికాకు చెందిన లెవీస్ సంస్థ 2015లో తన జీన్స్ ప్యాంటు ఒకదాని జీవితకాలపు లెక్క వేయించి ప్రకటించింది. పత్తి చేను మొదలుకొని చివరికి పారవేసేవరకు ఒక ప్యాంటుకు 33.4 కిలోల వాయువు అని తేలింది. అందులో గుడ్డ తయారీ వాటా 9 కిలోలు. కొన్నవారు ఉతికి, ఆరబెట్టి వాడుకోవడం వాటా 12.5 కిలోలు. మన బొగ్గు లెక్కలోకి మార్చి చూస్తే 33.4 కిలోల వాయువు సుమారు 22 కిలోల బొగ్గు కాల్చినదానితో సమానం. తట్టా చెమ్మస్ పట్టిన తరానికి అర్థమయ్యేటట్లు చెప్పాలంటే, ఒక్క ప్యాంటు వెనుక ఇంచుమించు ఒక తట్టెడు బొగ్గు ఉంది.

ప్రపంచం మొత్తంమీద వస్త్ర పరిశ్రమ వాటా ఎంత? నూటికి 8 లేక 10 పాళ్ళని తరచుగా వింటాం. ఆ అంకెకు గట్టి ఆధారం కనిపించదు. 2021లో వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ మరొక సంస్థతో కలిసి వేసిన లెక్కలో, 2019 సంవత్సరానికి సుమారు 102 కోట్ల టన్నులు, అనగా నూటికి 2 పాళ్ళు అని తేలింది. అంతకు ముందటి సంవత్సరం వెలువడిన మరొక అధ్యయనం 4 పాళ్ళు అన్నది. ఏ లెక్క తీసుకున్నా ఒక మాట స్పష్టం: దుకాణంలోనూ, సంస్థ కార్యాలయంలోనూ పుట్టే పొగ బహు స్వల్పం. 2021 నాటి లెక్క ప్రకారం సగానికి పైగా ఉద్గారాలు గుడ్డ నేసి, రంగు అద్ది, తయారుచేసే దశలోనే వెలువడుతున్నాయి. అనగా పేరు ఒకరిది, పొగ మరొకరిది. పేరున్న సంస్థ న్యూయార్కులోనో స్టాక్‌హోంలోనో ఉంటుంది. పొగగొట్టం బంగ్లాదేశ్‌లోనో, తిరుప్పూరులోనో, సూరత్తులోనో ఉంటుంది.

ఇక వాగ్దానాల సంగతి. 2018 డిసెంబరులో పోలెండు దేశంలోని కటోవిట్సే నగరంలో ఐక్యరాజ్య సమితి వాతావరణ మహాసభ జరిగింది. కటోవిట్సే కూడ మనవంటి ఊరే. బొగ్గు గనుల ప్రాంతానికి అది కేంద్రం. ఆ సభ సందర్భంలో నలభైకి పైగా వస్త్ర సంస్థలు, సంఘాలు ఒక ఒడంబడికమీద సంతకాలు చేశాయి. 2030 నాటికి తమ ఉద్గారాలను 30 శాతం తగ్గిస్తామనీ, 2050 నాటికి నికరంగా సున్నా చేస్తామనీ అందులో మాట ఇచ్చాయి. 2021లో గ్లాస్గో మహాసభ నాటికి ఆ 30 శాతాన్ని సగానికి పెంచారు. సరుకు అందించే కర్మాగారాలలో 2030 నాటికి బొగ్గు వాడకాన్ని మాన్పించాలని చేర్చారు. లెవీస్ సంస్థ 2018లో, తన సొంత భవనాల ఉద్గారాలను 90 శాతం, సరఫరాదారుల ఉద్గారాలను 40 శాతం 2025 నాటికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. స్వీడన్‌కు చెందిన హెచ్ అండ్ ఎం సంస్థ, 2019తో పోల్చి 2030 నాటికి 56 శాతం తగ్గిస్తామన్నది.

వినడానికి ఎంతో సొంపైన మాటలు. ఈ వాగ్దానాలన్నీ బూటకమని కొట్టివేయడం నా అభిమతం కాదు. ఏ మాటా ఇవ్వని సంస్థ కంటె మాట ఇచ్చిన సంస్థను నిలదీయడం సులభం. కాని మాటను నమ్మేముందు మూడు ప్రశ్నలు అడగడం కొనేవారి హక్కు.

మొదటిది: లెక్కలోకి ఎవరి పొగ వచ్చింది? ప్రపంచవ్యాప్తంగా వాడుకలో ఉన్న పద్ధతిలో ఉద్గారాలను మూడు గంపలుగా విడదీస్తారు. సొంత పొయ్యి మొదటి గంప. కొన్న విద్యుత్తు రెండవ గంప. సరఫరాదారులూ, రవాణా, వాడకం మూడవ గంప. వస్త్ర సంస్థలకు బరువంతా మూడవ గంపలోనే ఉంటుంది. మొదటి రెండు గంపలను 90 శాతం ఖాళీ చేశామని చాటి, మూడవ గంపమీద గుడ్డ కప్పితే అది సగం నిజమే అవుతుంది.

రెండవది: తగ్గినది ఒక్కొక్క చొక్కామీదనా, మొత్తంమీదనా? ఉదాహరణకు ఒక సంస్థ 100 చొక్కాలు అమ్మేదనుకుందాం. ఒక్కొక్కదానికి 10 కిలోల చొప్పున మొత్తం 1000 కిలోలు. కొన్నేళ్ళ తరువాత ఒక్కొక్కదానికి 7 కిలోలకు తగ్గించి, 150 చొక్కాలు అమ్మితే మొత్తం 1050 కిలోలు. చొక్కా లెక్కలో 30 శాతం తగ్గుదల. ఆకాశం లెక్కలో 5 శాతం పెరుగుదల. ఆకాశానికి చొక్కాల లెక్క తెలియదు; దానికి మొత్తమే తెలుసు.

మూడవది: పొయ్యి మారిందా, కాగితం మారిందా? ఎక్కడో ఉన్న సౌరవిద్యుత్ కేంద్రం నుండి ధ్రువపత్రాలు కొని, తమ లెక్కలో విద్యుత్తు పొగను కొట్టివేసుకునే వీలు సంస్థలకు ఉంది. దానివల్ల కొంత మేలు కలిగితే కలగవచ్చు. అయినా రంగుల కర్మాగారంలో బాయిలరు అదే బొగ్గుతో అలాగే మండుతుంటే, అక్కడి పొగగొట్టానికి ఆ ధ్రువపత్రం సంగతి తెలియదు.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. వస్త్రమూ బొగ్గూ మన తెలంగాణలో కొత్తగా కలిసినవి కావు. నిజాము ప్రభువు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 1934లో వరంగల్లులో ఆజంజాహీ మిల్లు వెలిసింది. వేలాది కుటుంబాలకు అన్నం పెట్టిన ఆ మిల్లు 2002లో మూతపడింది. ఒకప్పుడు మన ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోనే ఉన్న సిరిసిల్లలో వేలాది మరమగ్గాలు నేడు ఎక్కువగా పాలియెస్టరు గుడ్డను నేస్తున్నాయి. వరంగల్లు వద్ద కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగింది. విదేశాలకు దుస్తులు పంపే సంస్థలు అక్కడికి వచ్చాయి. ఈ మగ్గాలూ, యంత్రాలూ ఆడేది విద్యుత్తుతో. మన దేశంలో విద్యుత్తులో నూటికి డెబ్బై పాళ్ళ వరకు బొగ్గు నుండే వస్తుంది. గ్రిడ్డు నుండి వచ్చే ఒక్కొక్క యూనిట్టుకు సగటున 0.7 కిలోల వాయువు వెలువడుతుంది. కాబట్టి సిరిసిల్లలో మగ్గం ఆడితే ఆ చప్పుడు రామగుండం పొగగొట్టం దాకా వినిపిస్తుందన్నమాట.

1983లో మొదటి యూనిట్టుతో ఆరంభమైన రామగుండం ఎన్.టి.పి.సి. కేంద్రం 2,600 మెగావాట్లకు ఎదిగింది. దాని ప్రక్కనే 800 మెగావాట్ల కొత్త యూనిట్లు రెండు వచ్చాయి. అదే ప్రాంగణపు జలాశయంమీద 2022 నుండి 100 మెగావాట్ల సౌరఫలకాలు తేలియాడుతున్నాయి. ఒకే ఊరిలో పాతా కొత్తా రెండూ కనిపిస్తున్నాయి. కాని 2,600 ఎక్కడ, 100 ఎక్కడ? పైగా ఎండ ఉన్నంతసేపే సౌరవిద్యుత్తు. మార్పు మొదలైంది గాని, అది ఎంత దూరం పోవాలో ఈ రెండంకెలే చెబుతున్నాయి.

ఇక అబ్బాజాన్ ప్రశ్న. సున్నా చేసేది ఎవరిని? నిజం చెప్పాలంటే, వస్త్ర సంస్థలు బొగ్గు మానినంత మాత్రాన రేపే మన గనులు మూతపడవు. సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం విద్యుత్ కేంద్రాలకే పోతుంది. గని ఉద్యోగాలు తగ్గినది వాతావరణ వాగ్దానాల వల్ల కూడ కాదు. 1990 ప్రాంతంలో లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య నేడు నలభై వేల దరిదాపుల్లో ఉంది. అదే కాలంలో ఉత్పత్తి పెరుగుతూ వచ్చి 2023–24లో 7 కోట్ల టన్నులకు చేరింది. ఇంక్లైనుల స్థానంలో ఓపెన్ కాస్టులు వచ్చాయి. తట్టా చెమ్మస్ స్థానంలో భారీ యంత్రాలు వచ్చాయి. అనగా బొగ్గు తగ్గకుండానే ఉద్యోగాలు తగ్గగలవని మన ఊరు కళ్ళారా చూసింది. “బొగ్గు ఉన్నంతకాలం మన పిల్లలకు బువ్వ ఉంటుంది” అన్న నమ్మకం మీద కూర్చుని వారసత్వ ఉద్యోగం కోసం ఎదురుచూడడం నేటి యువతకు క్షేమం కాదు.

మరొక అనుభవం కూడ మన కళ్ళముందే ఉంది. రామగుండంలో బొగ్గు ఆధారంగా నడిచే ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి ప్రారంభించి, 1999లో మూతపడింది. అదే స్థలంలో సహజవాయువుతో నడిచే కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. కాగితంమీద చూస్తే ఇది బొగ్గు నుండి వాయువుకు జరిగిన చక్కని మార్పు. కాని రెండింటి మధ్య ఇరువది సంవత్సరాలకు పైగా ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఒక తరం యౌవనం గడచిపోయింది. యంత్రాలను మార్చడానికి ఇంజనీర్లు ఉంటారు. మధ్యలో గడపవలసిన సంవత్సరాలకు మాత్రం ఎవరూ బాధ్యులు కారు. ఇదే నేను చెప్పదలచిన ముఖ్య విషయం.

కటోవిట్సేలో వస్త్ర సంస్థలు సంతకాలు చేసిన ఆ మహాసభలోనే మరొక ప్రకటన కూడ వెలువడింది. బొగ్గును మానే మార్పు గని కార్మికులకు న్యాయం చేకూర్చేదిగా ఉండాలన్నది దాని సారాంశం. ఒకే ఊరిలో, ఒకే మాసంలో రెండు మాటలు పుట్టాయి. మొదటి మాట అట్టముక్కలమీద అచ్చై మన బజారు దాకా వచ్చింది. రెండవ మాట మాత్రం మన ఊరి పొలిమేర దాటి లోపలికి రాలేదు. బొగ్గు మానుతామని చాటే ప్రతి సంస్థా ఆ రెండవ మాటను కూడ అట్టమీద అచ్చువేయాలని అడుగుదాం. బాయిలరు మార్చుమని సరఫరాదారును ఆజ్ఞాపించి, చొక్కా ధరను మాత్రం పైసా పెంచకపోతే, ఆ భారం ఎవరిమీద పడుతుంది? యజమాని దాన్ని కుట్టుపని చేసే ఆడపడుచు కూలిమీదికి దించుతాడు. అప్పుడు ఆకాశం కొంత తేలికపడవచ్చు గాని, పేదవాని నెత్తి మరింత బరువెక్కుతుంది. ఖర్చులో వాటా తీసుకోని వాగ్దానం వాగ్దానం కాదు. అది ఇతరులకిచ్చిన ఆజ్ఞ మాత్రమే.

కొందరు మిత్రులు అడగవచ్చు: “భారతీయుడు సగటున సంవత్సరానికి రెండు టన్నుల చిల్లర వాయువు విడుస్తుంటే, అమెరికా పౌరుడు పద్నాలుగు టన్నులు విడుస్తున్నాడు. మనకెందుకీ గొడవ?” వాదనలో న్యాయం ఉంది. పెద్ద అప్పు చేసినవాడే ముందు తీర్చాలి. మన ప్రభుత్వం 2070ని గడువుగా పెట్టుకోవడానికి కారణం కూడ ఇదే. కాని ఎండ దెబ్బ కొట్టేటప్పుడు పాస్‌పోర్టు చూడదు. ఓపెన్ కాస్టులో మిట్టమధ్యాహ్నపు షిఫ్టు చేసేవాని నెత్తిమీదనే అది ముందుగా పడుతుంది. అందుచేత న్యాయం అడుగుతూనే మన ఇంటిని మనం చక్కబెట్టుకోవాలి. రెండింటికీ వైరం లేదు.

చివరగా మన కళాశాల కమిటీ పెద్దలకు ఒక సవినయ మనవి. ప్రతి సంవత్సరం మన విద్యార్థులకు ఏకరూప దుస్తుల గుడ్డ ఆర్డరు ఇస్తున్నాము. చిన్న ఆర్డరే కావచ్చు. అయినా మనమూ కొనుగోలుదారులమే. ఈసారి కొటేషన్లు పిలిచేటప్పుడు ధరతోపాటు మరి రెండు ప్రశ్నలు చేర్చవలసిందిగా కోరుతున్నాను. ఈ గుడ్డ ఎక్కడ నేశారు? రంగు అద్దిన చోట బాయిలరులో ఏమి మండుతున్నది? జవాబు రాకపోయినా నష్టం లేదు, అడిగేవారున్నారని తెలుస్తుంది. ఆర్డరులో కొంత భాగమైనా మన ప్రాంతపు చేనేత సహకార సంఘాలకు ఇచ్చి చూడవచ్చు. చేనేతకు నూలు మిల్లు నుండే వస్తుందనీ, రంగుకు వేడినీళ్ళు కావాలనీ నాకు తెలుసు; అయినా నేతకు మాత్రం విద్యుత్తు అక్కరలేదు, కూలి మన పల్లెలోనే ఉంటుంది. ధర ఎక్కువైతే పేద విద్యార్థులమీద రుద్దవద్దు, ఇష్టమున్నవారికే ఇవ్వవచ్చు.

విద్యార్థి సోదర సోదరీమణులకు కూడ ఒక మాట. చివరి సంవత్సరం ముగిసిన తరువాత మన దుస్తులు పెట్టెల్లో మగ్గిపోతున్నాయి. వాటిని ఉతికి, ఇస్త్రీ చేసి కళాశాలలోనే ఒక బీరువాలో పెడితే కొత్తగా చేరిన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఉపయోగపడతాయి. ఐదువందల మందికి రెండేసి జతలు కుట్టించేచోట, ప్రతి జతా మరొక సంవత్సరం అదనంగా బ్రతికితే వెయ్యి జతలు కొనవలసిన అవసరం తప్పుతుంది. ఏ సంస్థ వాగ్దానమూ ఇంత సులభంగా నెరవేరదు. ఇక వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఒక పని చేయవచ్చు. మన దేశంలో పెద్ద సంస్థలు ఏటా తమ ఉద్గారాల లెక్కను నివేదికలో ప్రకటించవలసి ఉంది. జమాఖర్చులు చదవడం నేర్చినవారు ఆ నివేదికను కూడ చదివి, పైన చెప్పిన మూడు ప్రశ్నలు వేయగలరు. రేపటి ఉద్యోగాలలో ఆ లెక్క తెలిసినవారికి చోటుంటుంది.

అబ్బాజాన్‌కు ఇంటికి వెళ్ళి ఈ వ్యాసమే చదివి వినిపించాను. అంతా విని, “అయితే జవాబు ఇంకా ఎవరూ చెప్పలేదన్నమాట” అన్నారు. అవును, చెప్పలేదు. సున్నా కావలసినది పొగ, మనిషి కాదు. ఆ మాటను వాగ్దానాలు వ్రాసేవారి చేత వ్రాయించే బాధ్యత బొగ్గు బిడ్డలమైన మనదే. మన ఊరి బొగ్గు ఎన్నో ఊళ్ళకు వెలుగునిచ్చింది. మన ఊరి ప్రశ్న కూడ అంత దూరం పోవాలని ఆశిస్తూ ముగిస్తున్నాను.